పదహారు గంటల ఫ్లైట్‌లో ముందు కాళ్లు చూసుకో

చిన్నీ,

టికెట్లు బుక్ అయ్యాయన్న మెసేజ్ చూశాను. ఏకబిగిన పదహారు గంటలు, పైగా అక్కని వెంటబెట్టుకుని. టెన్షన్ పడాల్సిందేమీ లేదు, అలాగని ఎక్కి కూర్చుంటే అదే దింపేస్తుందిలే అని వదిలేసే ప్రయాణమూ కాదు. చెప్పాల్సినవి చాలా ఉన్నాయి గానీ అన్నిటికన్నా ముందు కాళ్ల సంగతి.

మనం నడిచేటప్పుడు పిక్కలు బిగుసుకున్న ప్రతిసారీ కాళ్లలో రక్తాన్ని పైకి తోస్తుంటాయి. గంటల తరబడి కదలకపోతే ఆ పని మందగించి పాదాలు వాస్తాయి, కొందరికి లోపలి సిరల్లో రక్తం గడ్డ కడుతుంది. విమానమనే కాదు, నాలుగు గంటలు దాటి కూర్చుంటే బస్సులోనైనా ఈ ముప్పు ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి అరుదే. ఇదివరకు గడ్డ కట్టినవాళ్లు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు, గర్భిణులు, హార్మోన్ మాత్రలు వాడేవాళ్లు మాత్రం ముందే డాక్టర్ని అడగాలి.

అందుకే అక్కకి నడవ పక్క సీటు తీసుకో, కిటికీ సరదా నీకుంటే నువ్వు కూర్చో. కాళ్ల దగ్గర బ్యాగులు కుక్కొద్దు, అవి పైన పెట్టించు. అరగంటకోసారి మడమలు నేలకి ఆనించి వేళ్లు పైకెత్తడం, తర్వాత వేళ్లు ఆనించి మడమలు ఎత్తడం, ఒక ఇరవై సార్లు, పిక్క గట్టిపడుతున్నట్టు చేతికి తెలియాలి. సినిమా చూస్తూ కూడా చేసుకోవచ్చు, పక్కవాళ్లకి తెలియను కూడా తెలియదు. మెలకువగా ఉన్నంతసేపూ గంటకో, గంటన్నరకో లేచి వెనకదాకా నడిచి రండి. బిగుతు సాక్స్ మంచివే, మోకాలి కిందిదాకా వచ్చేవి, చీలమండ దగ్గర గట్టిగా ఉండి పైకి పోయేకొద్దీ వదులయ్యేవి. చీలమండా పిక్కా కొలిచి కొనాలి, పాదాలు వాయకముందే తొడుక్కోవాలి. పై అంచు మడతపడితే అదే తాడు కట్టినట్టు బిగుసుకుంటుంది, చూసుకోండి. అక్కకి షుగర్ ఉంది కదా, కాళ్లకి రక్తప్రసరణ సరిగ్గా లేనివాళ్లకి ఇవి పనికిరావు, డాక్టర్ని అడిగాకే కొను. గడ్డ కట్టకుండా ఆస్పిరిన్ వేసుకెళ్లమని ఎవరో ఒకరు తప్పకుండా చెప్తారు, సొంతంగా మాత్రం వేసుకోవద్దు. నిద్రమాత్రా అంతే, కదలకుండా పడుకోబెడుతుంది, మనకి కావాల్సింది దానికి సరిగ్గా వ్యతిరేకం.

ఇక నీళ్లు. లోపలి గాలి బాగా పొడిగా ఉంటుంది, తేమ మామూలుగా 20 శాతం కూడా ఉండదు. పెదాలు, ముక్కు, కళ్లు ఎండిపోతాయి కాబట్టి నువ్వు కాంటాక్ట్ లెన్సులు తీసేసి కళ్లద్దాలే పెట్టుకో. అక్క అలవాటు నాకు తెలుసు, బాత్రూమ్‌కి లేవాల్సొస్తుందని నీళ్లు తాగడం మానేస్తుంది. లేవడమే కదా మనకి కావాల్సింది! కొంచెం కొంచెంగా తాగిస్తూ ఉండు. మద్యం జోలికి పోకపోతే మంచిది. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నంతే, ఒత్తిడి అలా తగ్గేసరికి కడుపులో గాలి వ్యాకోచించి ఉబ్బరంగా ఉంటుంది. గ్యాస్ డ్రింకులు వద్దు, పెట్టిందల్లా తినాలనీ లేదు.

మందులన్నీ చీటీతో సహా చేతి బ్యాగులోనే. ఇన్సులిన్ చెక్-ఇన్ సామానులో అస్సలు వేయొద్దు, చలికి గడ్డకట్టుకుపోతే పారేయాల్సిందే. టైమ్ మారుతుంది కాబట్టి ఎప్పుడెప్పుడు ఎంత వేసుకోవాలో డాక్టర్ చేత కాగితం మీద రాయించుకో, గాల్లో లెక్కలేసుకునే పని కాదది.

పడుకునేటప్పుడు బెల్టు దుప్పటి మీదుగా పెట్టుకోండి, కుదుపులొచ్చినప్పుడు కట్టుకున్నారో లేదో చూడ్డానికి లేపరు. నడుము వెనక ఖాళీలో శాలువా చుట్టి పెట్టుకుంటే మెడ దిండు కన్నా ఎక్కువ సుఖం, నా మటుకు. కిందికి దిగడం మొదలవగానే అక్కని లేపు, నిద్రలో మింగడం తగ్గి చెవులు దిబ్బడేస్తాయి. చప్పరించడానికి ఏదైనా ఇవ్వు. నీకు దిబ్బడేస్తే ముక్కు మూసుకుని మెల్లగా ఊదు, గట్టిగా కాదు.

దిగాక పగలు కాసేపు ఎండలో తిరగండి, నిద్ర త్వరగా దారిలో పడుతుంది. రెండు పాదాలూ కాస్త వాయడం మామూలే, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. ఒక్క కాలే వాచి, నొప్పెట్టి, ముట్టుకుంటే వేడిగా ఉంటే ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఆయాసమో, ఛాతీలో నొప్పో వస్తే నేరుగా ఎమర్జెన్సీకే. దిగిన రోజే రావాలని లేదు, కొన్ని వారాల తర్వాత కూడా రావచ్చు, కాబట్టి అప్పుడు విమానం ఎక్కి వచ్చిన సంగతి డాక్టర్‌కి మీరే ముందు చెప్పండి.

పిన్ని