బోటు రాలేదు, అడ్వాన్సు తిరిగి ఇవ్వనంటున్నాడు: కాకినాడ గైడు మీద కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. రిటైరైన స్కూలు మాస్టారిని. దసరా సెలవులకు పిల్లలు హైదరాబాద్ నుంచి వస్తే, ఏడుగురం కలిసి కాకినాడ సముద్ర తీరం చూద్దామని వాట్సాప్‌లో ఒక ప్రైవేటు గైడును మాట్లాడుకున్నాం. కారు, గైడు, కోరింగ మడ అడవి, బోటులో హోప్ ఐలాండ్, సాయంత్రం ఉప్పాడ బీచ్ రోడ్డు, అన్నీ కలిపి 21,000 రూపాయలు. అందులో బోటుకే 9,500 అని మెసేజీలో రాశాడు. 12,000 ఫోన్‌పేలో పంపాం, మిగతా 9,000 కారెక్కేటప్పుడు చేతికిచ్చాం. రసీదు లేదు. తీరా వెళ్లాక అల్పపీడనం వల్ల బోట్లు ఆపేశారన్నారు. ముందురోజు సాయంత్రమే గైడుకు ఈ సంగతి తెలుసని డ్రైవరు నోరు జారాడు. బోటుకు బదులు చేపల పడవ ఒకటి తెచ్చి కాలువలో తిప్పుతానన్నాడు. లైఫ్ జాకెట్లు లేవు. ఎక్కుతుంటే తడి చెక్క మీద మా అత్తగారు (78) జారిపడ్డారు, మణికట్టు విరిగింది. ఆస్పత్రికి 26,000 అయింది, కట్టు ఇంకా విప్పలేదు. ఉప్పాడ చూడనే లేదు. డబ్బు అడిగితే ‘నో రిఫండ్ అని ముందే పెట్టాను, బోటు నాది కాదు, సముద్రం నా చేతిలో ఉందా’ అంటున్నాడు. మా అబ్బాయి గూగుల్‌లో రివ్యూ రాస్తే పరువు నష్టం కేసు పెడతానంటున్నాడు. మాకేమైనా దారి ఉందా?

జవాబు: ఉంది మాస్టారూ. కాకపోతే మీ ఉత్తరంలో రెండు తగాదాలు కలిసిపోయాయి. రాని బోటు డబ్బు ఒకటి, అత్తగారి చెయ్యి రెండోది. మొదటిదాంట్లో మీకు గట్టి బలం ఉంది. రెండోదాంట్లో కూడా ఉంది గానీ, కాగితాలు సరిగ్గా పెట్టుకోకపోతే జారిపోతుంది.

ముందు ‘సముద్రం నా చేతిలో ఉందా’ అన్న మాట చూద్దాం. నిజమే, లేదు. అల్పపీడనం పట్టిన రోజు బోటు ఆపినందుకు ఏ వినియోగదారుల కమిషనూ అతన్ని తప్పుపట్టదు. ఆపకపోతేనే తప్పు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగిన సంగతి మన జిల్లాల్లో ఎవరూ మర్చిపోలేదు. అయితే సముద్రం తన చేతిలో లేనప్పుడు, దాని పేరు చెప్పి తీసుకున్న డబ్బు మాత్రం తన చేతిలో ఎలా ఉంటుంది? ఒప్పుకున్న పని చేయడం ఎవరి తప్పూ లేకుండా అసాధ్యమైపోతే ఒప్పందం ఆ మేరకు చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 56వ సెక్షన్ చెబుతుంది. అలా చెల్లకుండా పోయినప్పుడు దానికింద పొందిన లాభాన్ని తిరిగి ఇవ్వాలని 65వ సెక్షన్. అంటే గైడు తప్పు రవ్వంత లేకపోయినా బోటు తాలూకు 9,500 మీదే. ఆ అంకె అతనే విడిగా రాసి పెట్టాడు కాబట్టి లెక్క తేల్చే పని కూడా తప్పింది.

ఇక అసలు తప్పు ఎక్కడుందంటే, ముందే తెలిసి చెప్పకపోవడంలో. ప్రైవేటు గైడుకు జనం ఎందుకు డబ్బిస్తారు? దారి చూపించడానికైతే ఫోన్‌లో మ్యాపు చాలు. పోటు ఎప్పుడు, పాటు ఎప్పుడు, ఏ రోజు బోటు వదలరు, ఎవరి అనుమతి కావాలి అన్నది తెలిసినవాడని ఇస్తారు. కాకినాడ ముందు అడ్డుగోడలా పడుకున్న హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బా, వెనకున్న మడ అడవీ 1978లో ప్రకటించిన కోరింగ అభయారణ్యంలోకి వస్తాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 27, 28 సెక్షన్ల ప్రకారం అక్కడికి అనుమతితోనే వెళ్లాలి. అటవీశాఖ ఏ రోజైనా ‘ఇవాళ లేదు’ అనొచ్చు. ఈ సంగతి తెలిసిన గైడు ‘అనుమతి ఉంటేనే, వాతావరణం బాగుంటేనే’ అని మెసేజీలో ఒక ముక్క రాసి ఉండాల్సింది. మీవాడు రాయలేదు. పైగా అల్పపీడనం పడితే మత్స్యకారులు వేటకు వెళ్లొద్దని వాతావరణ శాఖ ముందురోజే హెచ్చరిస్తుంది, రేవులో ప్రమాద సూచిక ఎగరేస్తారు, టీవీలో స్క్రోలింగ్ వస్తుంది. ఇదంతా చూసి కూడా పొద్దున మిగతా 9,000 చేతికి తీసుకున్నాడంటే అది మరిచిపోవడం కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2(11) సెక్షన్‌లో ‘సేవాలోపం’ నిర్వచనం ఉంది. కొనుగోలుదారుకు చెప్పాల్సిన సమాచారాన్ని కావాలని దాచిపెట్టడం కూడా సేవాలోపమేనని అందులో విడిగా రాశారు. మీ ఫిర్యాదుకు ఇదే ప్రాణం. బోటు రాలేదని కాదు, రాదని తెలిసీ చెప్పలేదని రాయండి.

ఈ విషయం రుజువు చేయడానికి డ్రైవరు మాట మీద ఆధారపడకండి. అతను రేపు కమిషన్ ముందుకు వచ్చి యజమానికి వ్యతిరేకంగా చెప్తాడనుకోవడం అత్యాశ. దాని బదులు ముందురోజు వాతావరణ శాఖ బులెటిన్, ఆ రోజు జిల్లా పేపరు కటింగు జతచేయండి. ఊరందరికీ తెలిసింది గైడుకు తెలియదంటే ఎవరూ నమ్మరు.

‘నో రిఫండ్’ అన్న రెండు పదాలకు మనవాళ్లు అనవసరంగా భయపడతారు. బట్టల కొట్టు గోడ మీద రాసినా, వాట్సాప్‌లో పెట్టినా అది చట్టం కాదు. ఒప్పందం తప్పినవాళ్ల నుంచి కూడా సమంజసమైన పరిహారమే రాబట్టుకోవచ్చు తప్ప రాసుకున్న మొత్తమంతా మింగేయడానికి వీల్లేదని కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ చెబుతుంది. ఇక్కడ మీరు ఒప్పందం తప్పనే లేదు. లోపమున్న సేవకు తీసుకున్న డబ్బు, బిల్లులో గడువు లేకపోతే ముప్పై రోజుల్లో తిరిగి ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి అని వినియోగదారుల చట్టం 2(47)లో ఉంది. బిల్లు ఇవ్వకపోవడాన్ని కూడా అదే సెక్షన్‌లో అదే కోవలో చేర్చారు. కాబట్టి రసీదు లేదని మీరు దిగులు పడుతున్నారు గానీ, రసీదు ఇవ్వనందుకు సంజాయిషీ చెప్పుకోవాల్సింది అతనే.

ఒక చిన్న జాగ్రత్త. ‘ఆ షరతు అన్యాయమైన ఒప్పందం, కొట్టేయండి’ అని జిల్లా కమిషన్‌ను అడగకండి. అన్యాయమైన ఒప్పందాల ఫిర్యాదులు వినే అధికారం రాష్ట్ర కమిషన్‌కు ఇచ్చారు, అవతలి లాయరు ఆ పట్టు పట్టుకుని ఆరు నెలలు లాగగలడు. అనుచిత వ్యాపార పద్ధతి, సేవాలోపం అని మాత్రమే రాయండి. ఏకపక్షంగా రాసుకున్న షరతులు అనుచిత వ్యాపార పద్ధతి కిందికే వస్తాయని సుప్రీంకోర్టు 2019లో పయొనీర్ అర్బన్ అనే ఫ్లాట్ల కేసులో చెప్పింది.

‘బోటు నాది కాదు’ అన్నదానికి జవాబు పొట్టిదే. బోటు యజమాని పేరు మీకెప్పుడైనా చెప్పాడా? ధర మాట్లాడింది, డబ్బు తీసుకున్నది తనే. ఎవరి తరఫున మాట్లాడుతున్నాడో పేరు చెప్పని ఏజెంటు తనే బాధ్యుడని కాంట్రాక్టు చట్టం 230వ సెక్షన్ అనుకుంటుంది.

ఇప్పుడు అత్తగారి సంగతి. ఫిర్యాదులో ఆవిడను రెండో ఫిర్యాదుదారుగా చేర్చండి. డబ్బిచ్చింది మీరే అయినా, మీ అనుమతితో ఆ సేవ పొందినవారు కూడా వినియోగదారులే. దెబ్బ తగిలింది ఆవిడకు కాబట్టి అఫిడవిట్ ఆవిడదే కావాలి. చేపల వేటకు రిజిస్టరైన పడవలో కిరాయికి జనాన్ని ఎక్కించడానికి ఆ రిజిస్ట్రేషన్ పనికిరాదు. లోపలి జలాల్లో నడిచే పడవలకు సర్వే, రిజిస్ట్రేషన్, ప్రాణరక్షణ సామగ్రి గురించి 2021 నాటి ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం ఉంది. ప్రమాదకరమైన పడవలో తెలిసి కిరాయికి ఎక్కించడం భారతీయ న్యాయ సంహిత 284వ సెక్షన్ కింద నేరం కూడా. పోలీసు ఫిర్యాదు ఇవ్వొచ్చు. నన్నడిగితే 318వ సెక్షన్ మోసం కేసు మాత్రం వద్దు. మొదటి రోజు నుంచే ముంచే ఉద్దేశం ఉందని రుజువు చేయాలి, అది మీవల్ల కాదు. అందులో పడితే అసలు కేసు చల్లారిపోతుంది.

అవతలివైపు ఏం అడుగుతారో కూడా చెప్తాను. ‘లైఫ్ జాకెట్లు లేవని కళ్లారా చూశారు కదా, డెబ్బై ఎనిమిదేళ్ల మనిషిని తడి చెక్క మీద ఎందుకు నడిపించారు?’ అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ఆవిడ వెనకాడితే గైడు ‘ఏం కాదు ఎక్కండి మామ్మగారూ’ అన్నాడా, చెయ్యందించాడా, చెక్కకు పట్టుకోవడానికి తాడైనా ఉందా అన్నవన్నీ గుర్తున్నది గుర్తున్నట్టు అఫిడవిట్‌లో రాయించండి. మీ తప్పు కూడా కొంత ఉందని కమిషన్ అనుకుంటే పరిహారం తగ్గిస్తుంది, మొత్తానికి ఎగ్గొట్టదు.

ఆస్పత్రి కాగితం ఇవాళే తీసి చదవండి. మన ఆస్పత్రుల్లో హడావిడిగా ‘జారిపడినట్టు చెప్పారు’ అని రాసి ఊరుకుంటారు, ఒక్కోసారి ‘ఇంట్లో జారిపడి’ అని కూడా రాసేస్తారు. అలా ఉంటే ఎక్స్-రే తేదీ, సమయం, అదే గంటలో మీరు గైడుకు చేసిన ఫోన్లు, పడవ దగ్గర పిల్లలు తీసిన ఫోటోలు కలిపి పెట్టాలి. ఫోటోలను వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసుకుంటే తీసిన సమయం వివరాలు పోతాయి. తీసిన ఫోన్లోనే ఉంచండి. చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి, అది అసలైనదేనని చెప్పే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్ జతచేయండి. వినియోగదారుల కమిషన్‌లో సాక్ష్యపు నియమాలు అంత కఠినంగా పట్టించుకోరు గానీ, ఉంటే నోరెత్తడానికి వీలుండదు.

చేతికిచ్చిన 9,000కు సాక్ష్యం లేదన్నది నిజంగా చిక్కే. దానికొక ఉపాయం. గైడుకు మర్యాదగా ఒక మెసేజీ పెట్టండి: ‘మేమిచ్చిన 21,000లో బోటు 9,500, ఉప్పాడ చూపించనందుకు కొంత తిరిగి ఇస్తే సరిపోతుందండీ’ అని. ‘21,000 ఎక్కడిచ్చారు?’ అనకుండా ‘రిఫండ్ లేదు’ అన్నాడంటే ఇచ్చినట్టు ఒప్పుకున్నట్టే. తిట్టకండి, రేపు ఆ మెసేజీ జడ్జిగారు చదువుతారు.

తర్వాత లాయరు నోటీసు. చట్టప్రకారం తప్పనిసరి కాదు, మీరే రాసి స్పీడ్ పోస్టులో పంపినా చాలు. అతని ఇంటి అడ్రసు తెలియకపోతే వాట్సాప్‌లో, ఈమెయిల్లో కూడా పంపి స్క్రీన్‌షాట్ ఉంచుకోండి. కమిషన్ నోటీసు కూడా ఎలక్ట్రానిక్ పద్ధతిలో అందించొచ్చని వినియోగదారుల చట్టం 65వ సెక్షన్‌లో ఉంది. కారు నంబరు రాసిపెట్టుకోండి. తెల్ల ప్లేటు కారైతే కిరాయికి తిప్పడానికి దానికి పర్మిట్ లేనట్టే, అదీ ఫిర్యాదులో ఒక లైనుగా పనికొస్తుంది. పదిహేను రోజుల్లో స్పందించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. చాలా తగాదాలు అక్కడే తేలిపోతాయి.

తేలకపోతే జిల్లా కమిషన్. ఇందుకోసం కాకినాడ తిరగనక్కర్లేదు. మీరు నివసించే చోట వేసుకోవచ్చని వినియోగదారుల చట్టం 34వ సెక్షన్‌లో ఉంది. పాత చట్టంలో ఈ సదుపాయం లేదు. చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపు కాబట్టి ఫీజు సున్నా. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్‌లో వేయొచ్చు, లాయరు కూడా అక్కర్లేదు. ఈ మాట అన్నందుకు మా బార్ అసోసియేషన్ మిత్రులు నన్ను క్షమించాలి. గడువు రెండేళ్లు. మూడు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది, మీరు మాత్రం అంతకంటే ఎక్కువ ఓపిక పట్టుకుని వెళ్లండి. మధ్యలో రాజీకి మీడియేషన్‌కు పంపితే కాదనకండి.

ఎంత అడగాలి? ఫీజు మీరు చెల్లించిన సొమ్మును బట్టే గానీ అడిగే పరిహారాన్ని బట్టి కాదు. అందుకని మానసిక వేదనకు పది లక్షలు రాసేవాళ్లను రోజూ చూస్తున్నాను. ఆ అంకె చూడగానే మిగతా ఫిర్యాదు మీద కూడా నమ్మకం సడలుతుంది. మీ స్థానంలో నేనైతే బోటు 9,500, ఉప్పాడ తాలూకు రెండు వేలు, ఆస్పత్రి 26,000, ఆవిడ నొప్పికీ మీ తిరుగుళ్లకూ కలిపి ఒక యాభై వేలు, ఖర్చులు వేరుగా అడుగుతాను. కారు, మడ అడవి తాలూకు డబ్బు అడగను. మడ అడవిలో చెక్కవంతెన మీద నడిచి చూశారు కదా, దానికి ఇచ్చిన డబ్బు అతనిదే.

రివ్యూ గురించి మీ అబ్బాయికి టెన్షన్ వద్దని చెప్పండి. పరువు నష్టం ఇప్పుడు న్యాయ సంహిత 356వ సెక్షన్. నిజమై, జనానికి మేలు చేసే మాటైతే నేరం కాదని ఆ సెక్షన్‌లోనే మినహాయింపు ఉంది. పోలీసులు నేరుగా ఎఫ్ఐఆర్ కట్టే నేరం కూడా కాదు, అతనే కోర్టుకెక్కాలి. అయితే రివ్యూ ఒకసారి నాకు పంపండి. ‘బోటు లేదని ముందు చెప్పలేదు, లైఫ్ జాకెట్లు లేవు’ అని ఉంటే ముట్టుకోవద్దు. ‘దొంగ, 420’ అని ఉంటే ఆ పదాలు ఇవాళే తీసేయమనండి.

అత్తగారికి కట్టు విప్పేలోపు చేతి ఫోటో ఒకటి తీయండి, పక్కన ఆవిడ ముఖం కూడా కనపడేటట్టు.