ఆంగ్ల జాతుల ఐక్యత కోరిన న్యాయవాది

ప్రశ్న: అమెరికన్ నవలాకారుడు జాన్ డాస్ పాసోస్ తండ్రి కూడా రచయితేననీ, ఆంగ్లం మాట్లాడే దేశాలు ఏకం కావాలని పుస్తకం రాశారనీ విన్నాను. ఆయన కోరినది ఒకే ప్రభుత్వమా?

జవాబు: కాదు. జాన్ రాండాల్ఫ్ డాస్ పాసోస్ (1844–1917) న్యూయార్క్‌లో పేరున్న న్యాయవాది. ఐక్యతను కూడా ఆయన రెండు పక్షాలు సంతకం చేయదగిన ఒప్పందంగానే ఊహించారు. వెనిజులా సరిహద్దు విషయమై 1895లో బ్రిటన్, అమెరికాలు యుద్ధం మాట వినిపించేంతగా తగవుపడ్డాయి. తగాదాలను మధ్యవర్తిత్వంతో తీర్చుకుందామని 1897లో కుదిరిన ఒడంబడికను అమెరికన్ సెనేట్ తిరస్కరించింది. ఈ అనుభవాల తరువాత, 1903లో, ‘ది ఆంగ్లో సాక్సన్ సెంచురీ’ (ఆంగ్లో సాక్సన్‌ల, అంటే ఇంగ్లీషు సంతతి వారి, శతాబ్దం) అనే ఆయన పుస్తకం వెలువడింది.

రెండు దేశాలకూ ఉమ్మడి పౌరసత్వం, సుంకాలు లేని వాణిజ్యం, విలువలో సమానమై ఇరుచోట్లా చెల్లే నాణేలు, ఒకే తూనికలు కొలతలు, వివాదాల పరిష్కారానికి ఒక న్యాయమండలి ఉండాలని ఆయన ప్రతిపాదించారు. వీటిలో చాలావరకు ఆచరణకు అందేవే అని నా అభిప్రాయం.

చిక్కంతా కెనడా దగ్గర వచ్చింది. కెనడా తనంతట తాను రాష్ట్రాలుగా విడిపోయి అమెరికన్ యూనియన్‌లో చేరాలని ఆయన కోరారు. ‘స్వచ్ఛందంగా’ అన్న మాట చేర్చినా, ఒక దేశం తన ఉనికినే వదులుకోవడం ఇతరుల స్నేహానికి మూల్యం కావడం న్యాయం కాదు. విలీనం మాట అటుంచి, అమెరికాతో సుంకాల తగ్గింపు ఒప్పందాన్ని తలకెత్తుకున్న విల్‌ఫ్రిడ్ లారియర్ ప్రభుత్వాన్నే కెనడా ఓటర్లు 1911 ఎన్నికల్లో ఓడించారు.

అంతకంటే లోతైన లోపం పుస్తకం పేరులోనే ఉంది. 1901 జనాభా లెక్కల ప్రకారం బ్రిటిష్ దీవుల్లో ఉన్నది నాలుగు కోట్ల పైచిలుకు మంది కాగా, అదే సామ్రాజ్యం కింద భారతదేశంలో దాదాపు 29 కోట్ల మంది ఉన్నారు. ఐక్యతకు ఆంగ్లో సాక్సన్ జాతి అని పేరు పెట్టిన క్షణానే వీరంతా గడప బయట నిలిచిపోతారు. పోర్చుగీసు వారి మదీరా దీవి నుంచి వలస వచ్చిన తండ్రికి పుట్టి, రక్తంతో నిమిత్తం లేకుండా ఆ సమాజంలో అంత ఎత్తుకు ఎదిగిన మనిషి ఆ పేరును ఎంచుకోవడం నన్ను బాధిస్తుంది.