ఆసుపత్రిలో సాయుధులు ఉంటే దానిపై దాడి చేయొచ్చా?

ఉన్నారన్న ఒక్క కారణంతో చేయకూడదు. యుద్ధంలో పౌరుల రక్షణకు కుదిరిన 1949 నాలుగో జెనీవా ఒప్పందం 18, 19 అధికరణలు ఇందుకు ఆధారం. గాయపడిన సైనికులకు అక్కడ వైద్యం జరుగుతున్నా, వాళ్ల దగ్గర తీసుకున్న తుపాకులు ఇంకా అప్పగించకుండా ఓ మూల పడి ఉన్నా దాడి నుంచి ఆసుపత్రికున్న రక్షణ పోదు. లోపలి నుంచి కాల్పులు జరపడం, దాన్ని ఆయుధాగారంగా మార్చడం లాంటివి చేస్తేనే పోతుంది.

అప్పుడైనా ముందు హెచ్చరించాలి, తగిన గడువివ్వాలి. ఎన్ని గంటలన్నది ఒప్పందంలో లేదు. తగాదా అంతా ఇక్కడే: నడవగలిగే రోగులు వెళ్లిపోయే గడువులో వెంటిలేటర్ మీదున్నవాళ్లను కదపలేరు. గడువు దాటాక దాడి చేసినా, పౌరులకు జరిగే హాని ఆశించే సైనిక ప్రయోజనాన్ని మించకూడదు.

చట్టం కంటే సమాచార లోపమే ఎక్కువసార్లు కొంప ముంచుతుందని నా అభిప్రాయం. అఫ్గానిస్తాన్‌లోని కుందూజ్‌లో ఎంఎస్ఎఫ్ (డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ అనే అంతర్జాతీయ వైద్య సేవా సంస్థ) ఆసుపత్రి తన జీపీఎస్ వివరాలు అమెరికా సైన్యానికి ముందే ఇచ్చింది. అయినా 2015 అక్టోబరు 3న అమెరికా విమాన సిబ్బంది దాన్ని కొన్ని వందల మీటర్ల అవతలి భవనంగా పొరబడి దాడి చేశారు. 42 మంది చనిపోయారు. వివరాలు ప్రధాన కార్యాలయానికి అందితే చాలదు, ట్రిగ్గర్ మీద వేలున్న వ్యక్తికి చేరాలి. దాడి మొదలయ్యాక ఆపించడానికి నేరుగా పనిచేసే ఫోన్ నంబరూ ఉండాలి.