అతకని పక్కటెముకలు

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. ఏడు నెలల క్రితం బైకు మీద నుంచి పడటంతో ఎడమవైపు రెండు పక్కటెముకలు విరిగాయి. వాటంతటవే అతుక్కుంటాయని మందులిచ్చి పంపారు. ఇప్పటికీ పక్కకు ఒత్తిగిలితే లోపల టక్కుమంటోంది, దగ్గితే ప్రాణం పోయినంత నొప్పి. ఆయనకు షుగరు ఉంది, చుట్ట అలవాటు ఉంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఈ బాధను దయచేసి వయసు మీదికి నెట్టేయకండి. పక్కటెముకలు సాధారణంగా 6 నుంచి 12 వారాల్లో అతుక్కుంటాయి. ఆరు నెలలు దాటినా విరిగినచోట టక్కుమంటోందంటే అతుకు పడలేదని అనుమానించాల్సిందే. చేతికి వేసినట్టు ఛాతీకి సిమెంటు కట్టు వేయలేం, ఊపిరి తీసిన ప్రతిసారీ ఎముక కదులుతూనే ఉంటుంది. అయినా చాలామందికి అతుక్కుంటుంది గానీ, విరిగిన కొసల మధ్య ఎడం ఎక్కువగా ఉన్నా, పొగాకు వల్ల రక్తప్రసరణ తగ్గినా, షుగరు అదుపు తప్పినా, విటమిన్ డి లోపించినా అక్కడ ఎముకకు బదులు పీచు కణజాలం పెరిగి ఆగిపోవచ్చు.

మామూలు ఎక్స్‌రేలో ఇది కనబడకపోవచ్చు కాబట్టి సీటీ స్కాన్ చేయించి, ఛాతీ శస్త్రచికిత్స నిపుణుడికి చూపించండి. నొప్పి లేకపోతే ఆపరేషన్ అక్కర్లేదు. మీ నాన్నగారిలా బాధపడేవారికి మాత్రం ఆ కణజాలాన్ని తొలగించి, అవసరమైతే తుంటి నుంచి తీసిన ఎముకను నింపి, టైటానియం ప్లేటు, స్క్రూలతో బిగించే శస్త్రచికిత్స గురించి ఆలోచిస్తారు. అంతకంటే ముందు చుట్ట మాన్పించండి, ఎందుకంటే అది కొనసాగితే ప్లేటు వేసినా అతుకు పడటం కష్టమే. ఛాతీకి బిగుతుగా బెల్టు కట్టకండి, ఊపిరి పూర్తిగా అందక న్యుమోనియా రావచ్చు. జ్వరం, ఆయాసం, కఫంలో రక్తం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.