విడి బ్యాటరీలు వాడేటప్పుడు

చిరంజీవి మురళికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు వేపింగ్, అంటే ఈ-సిగరెట్ పీల్చడం, మానేస్తే నాకు సంతోషం. ఆ మాట ఎదురుగానే చెప్పాను కాబట్టి ఇక్కడ మళ్లీ ఎత్తను. కానీ రెండు విడి బ్యాటరీలు పట్టే పరికరం కొన్నావని తెలిశాక ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

నీ దగ్గరున్నవి 18650 అనే రకం లిథియం-అయాన్ సెల్స్. వ్యాసం 18 మిల్లీమీటర్లు, పొడవు 65. వీటిని తయారుచేసే కంపెనీలు ల్యాప్‌టాప్‌లు, డ్రిల్లింగ్ మిషన్ల ప్యాకుల్లో రక్షణ సర్క్యూట్‌తో కలిపి బిగించడానికే చేస్తాయి. విడి సెల్‌కు ఆ కాపలా ఉండదు. అమెరికా వినియోగదారుల ఉత్పత్తుల భద్రతా కమిషన్ 2021లో అసలు విడి 18650లు కొనవద్దనే హెచ్చరించింది. బ్యాటరీ లోపలే ఉండే పరికరానికి మారగలిగితే మారు. లేదంటే ఆ కాపలా నువ్వే కాయాలి.

ముందు ఒక సెల్‌ను వెలుతురులో పెట్టి పై అంచు చూడు. మధ్యలో కాస్త ఎత్తుగా ఉన్నది పాజిటివ్. దాని చుట్టూ సన్నని ఉంగరంలాంటి ఇన్సులేటర్ ఉంటుంది. దాన్ని ఆనుకుని ఉన్న అంచు మొదలుకొని అడుగు దాకా లోహపు డబ్బా మొత్తం నెగెటివే. అంటే రెండు ధ్రువాల మధ్య ఎడం ఒకటి రెండు మిల్లీమీటర్లు. ఏదైనా లోహం ఆ రెంటినీ కలిపితే షార్ట్ అయి మంటలు లేస్తాయి. డబ్బాను కప్పి ఉంచేది పల్చని ప్లాస్టిక్ తొడుగు ఒక్కటే. పరికరంలోకి తోసేటప్పుడు, తీసేటప్పుడు అది ముందుగా చిరిగేది సరిగ్గా ఆ అంచు దగ్గరే. గోరంత చిరుగు కనిపించినా ఆ సెల్ వాడకు. కొత్త తొడుగులు చవకగా దొరుకుతాయి, వేడి గాలి తగిలితే ముడుచుకుని బిగుసుకుంటాయి. సెల్ సొట్టపోయినా, కారుతున్నా మాత్రం తొడుగు మార్చి లాభం లేదు, దాన్ని వదిలించుకో. విడి సెల్‌ను తాళంచెవులు, చిల్లర ఉన్న జేబులో ఎప్పుడూ వేసుకోవద్దు. జేబులో మంటలు లేచి తొడలు కాలినవాళ్లలో చాలామందికి ప్రమాదం జరిగింది ఇలాగే. ప్లాస్టిక్ డబ్బా ఒకటి కొనుక్కో.

ఇక ఎంపిక. అందరూ ఎంఏహెచ్ అంకె, అంటే సెల్‌లో ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పేది, చూసి కొంటారు. నువ్వు ముందు చూడాల్సింది, ఆగకుండా ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదన్నది. ఒకే పరిమాణంలో ఈ రెండూ సాధారణంగా ఒకదాన్నొకటి తగ్గిస్తాయి. శాంసంగ్ 25ఆర్ 2500 ఎంఏహెచ్, 20 ఆంపియర్లు. అదే కంపెనీ 30క్యూ 3000 ఎంఏహెచ్, కానీ 15 ఆంపియర్లే.

నీ పరికరం 100 వాట్ల మీద నడుస్తోందనుకుందాం. ఒక్కో సెల్ వాటా 50. ఛార్జ్ తగ్గి వోల్టేజ్ 3.2కు దిగినప్పుడు, సర్క్యూట్‌లో పోయే పదోవంతు కూడా కలిపితే, ఒక్కోదాని నుంచి 17 ఆంపియర్ల పైనే లాగుతుంది. ఛార్జ్ తగ్గేకొద్దీ భారం పెరుగుతుందన్న సంగతి చాలామందికి తట్టదు. ఈ లెక్కకు 30క్యూ చాలదు, 25ఆర్ సరిపోతుంది. వాట్లు తగ్గించుకుంటే ఇంకా మంచిది.

9900 ఎంఏహెచ్ అని రాసిన 18650 కనబడితే అది పచ్చి అబద్ధం. గట్టిగా కరెంటు ఇచ్చే రకాలు 3000 దగ్గరే ఆగిపోతాయి. పాత సెల్స్‌కు కొత్త తొడుగు వేసి అమ్మేవాళ్లూ ఉన్నారు, కాబట్టి నమ్మకమైన బ్యాటరీ వ్యాపారి దగ్గరే తీసుకో.

రెండు సెల్స్‌నూ ఒకే రకంలో, ఒకేసారి కొను. కలిపే వాడు, కలిపే ఛార్జ్ చెయ్యి. ఒకటి బలహీనపడితే రెండూ మార్చేయాలి. పాతదాని పక్కన కొత్తది పెడితే పాతది అడుగంటిపోతుంది.

ఛార్జింగ్‌కు విడి ఛార్జర్ మేలు. ఒక ఆంపియర్ చాలు, తొందరపడకు. 4.2 వోల్టుల దగ్గర తనంతట తాను ఆగే ఛార్జర్ అయి ఉండాలి. పరుపు మీద, నిద్రపోతూ, ఇంట్లో ఎవరూ లేనప్పుడు పెట్టకు. చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే ఆ సెల్ పని అయిపోయినట్టే. 2 వోల్టుల కిందికి పడిపోయినదాన్ని మళ్లీ బతికించే ప్రయత్నం కూడా వద్దు. లోపలి రాగి కరిగి, తర్వాతి ఛార్జింగ్‌లో షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. కొన్నాళ్లు వాడనప్పుడు సగం ఛార్జ్‌తో చల్లని చోట ఉంచు.

విమానం ఎక్కితే పరికరాన్నీ, విడి సెల్స్‌నూ చేతి సంచిలోనే తీసుకెళ్లాలి. చెకిన్ సామానులో పెట్టకూడదు.

పనికిరానివాటి రెండు కొసలకూ టేపు అతికించి ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వు, చెత్తబుట్టలో మాత్రం వేయకు.

నీ సెల్స్ మీదున్న అక్షరాలు స్పష్టంగా కనబడేలా ఫొటో తీసి ఈ వారంలోనే పంపు. చూసి, వాటిని ఉంచుకోవచ్చో లేదో చెబుతాను.

ఆశీస్సులతో,
పెదనాన్న