రోగం ఒకటే, పక్క మంద తట్టుకుంది, మా మేకలే ఎందుకు పోతున్నాయి?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి మండలం. 60 గొర్రెలు, 14 మేకలు ఉన్నాయి. మూడు వారాల కిందట సంతలో ఐదు మేకపిల్లలు కొని మందలో కలిపాను. వారం తిరక్కుండానే వాటికి జ్వరం, చీముడు, కళ్లలో పుసి, దగ్గు, నోట్లో పుళ్లు, ఆపైన పారుడు. మందలోకీ పాకింది. ఇప్పటికి ఆరు మేకలు, రెండు గొర్రెపిల్లలు పోయాయి. పక్క మందకూ ఇదే వచ్చింది, అక్కడ పోయింది ఒక్కటే. మాకే ఎందుకు ముదిరింది? ఏది బతుకుతుందో ముందే తెలుస్తుందా?

జవాబు: మీరు చెప్పిన లక్షణాలు పి.పి.ఆర్., అంటే పారుడు రోగానికి సరిపోతున్నాయి. అయినా చీముడు నమూనా పరీక్షకు పంపించి తేల్చుకోండి. నోటి పుళ్లు, పారుడు లేకుండా మేకల్లో దగ్గు, ఆయాసం మాత్రమే ఉంటే అది వేరే ఊపిరితిత్తుల జబ్బు కావచ్చు, దాని వైద్యం వేరు.

ఈ వైరస్ గొర్రెల కంటే మేకల మీద ఎక్కువగా విరుచుకుపడుతుంది. తర్వాత చూడాల్సింది వయసు. టీకా వేసిన తల్లి జున్నుపాలు తాగిన పిల్లకు మూడు నెలల దాకా ఈ రోగం నుంచి రక్షణ ఉంటుంది. నాలుగో నెల వచ్చేసరికి అది కరిగిపోతుంది. మీరు కొన్నవి ఏ వయసువో రాయలేదు గానీ, సంతకు వచ్చేవి ఎక్కువగా ఆ ఈడువే. పైగా బండిలో కుక్కి తెచ్చిన అలసట, కొత్త మేత.

అసలు చంపేది చాలాసార్లు వైరస్ ఒక్కటే కాదు. అది ఒంట్లోని రక్షణ కణాలను దెబ్బతీస్తుంది. అప్పటిదాకా ముక్కులో, గొంతులో ఊరికే ఉన్న బాక్టీరియా ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తెస్తుంది. కడుపులో నట్టలుండి రక్తం తగ్గిన జీవం దీన్ని తట్టుకోలేదు. కింది రెప్ప తిప్పి చూడండి. ఎర్రగా ఉంటే కొంత ధైర్యం, తెల్లగా పాలిపోయి ఉంటే దాని మీద కన్నేసి ఉంచాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన జిల్లాలో వానలకు దొడ్డి బురదగా ఉంటే దగ్గు ఇంకా ముదురుతుంది. పక్క రైతు టీకా వేయించాడా, నట్టల మందు ఎప్పుడు తాగించాడు అని ఒకసారి అడగండి. తేడా అక్కడే దొరకవచ్చు.

ముందే తెలుస్తుందా అంటే, కొంతవరకు తెలుస్తుంది. జ్వరం 104 నుంచి 106 డిగ్రీల దాకా పోవడం ఈ రోగంలో మామూలే, దానికే కంగారు పడొద్దు. జ్వరం ఒక్కసారిగా మామూలు కంటే కిందికి దిగి, చెవులు చల్లబడి, జీవం పడుకుని లేవకపోతే భయపడాలి. నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, చర్మం పట్టి వదిలితే ముడత వెంటనే పోకపోయినా ప్రమాదమే. మేత కొరుకుతున్నది మాత్రం చాలావరకు గట్టెక్కుతుంది.

వైరస్‌ను చంపే మందు లేదు. డాక్టరు ఇచ్చే యాంటీబయాటిక్ న్యుమోనియా కోసం. మోతాదు, రోజులు ఆయన చెప్పినట్టే పూర్తి చేయండి, రెండో రోజు కాస్త తేరుకుందని ఆపేయొద్దు. పుళ్లకు బోరోగ్లిజరిన్ రాయండి. ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు, పలుచని రాగి గంజి కొంచెం కొంచెంగా పట్టండి. ఆయాసపడుతున్నదాని తల పైకెత్తి గొట్టంతో పోయకండి. ఆ గంజి ఊపిరితిత్తుల్లోకి పోయి, రోగం తట్టుకున్నది కూడా మన చేతుల్లోనే పోతుంది. నేను చూసిన చావుల్లో ఇలాంటివి తక్కువేం కాదు.

జబ్బువాటిని వేరే చోట కట్టి, వాటికి చేసిన చేతులు కడుక్కోకుండా మందలోకి పోకండి. సూడి జీవాలు ఈసుకుపోవచ్చు, అంటే గర్భం పోవచ్చు, వాటినీ కనిపెట్టి ఉండండి. చచ్చినవాటిని లోతుగా గుంట తీసి సున్నం చల్లి పూడ్చండి. ఈ రోగం మనుషులకు రాదు.

టీకా 1 మి.లీ. చర్మం కింద వేస్తారు, కనీసం మూడేళ్లు కాపాడుతుంది. ఇప్పటికే రోగం లోపల ఉన్నదానికి వేసినా ఉపయోగం లేదు కాబట్టి ఏవాటికి వేయాలో డాక్టరు మందను చూసి తేలుస్తారు. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. ఇకమీద సంతలో కొన్నవాటిని కనీసం మూడు వారాలు ఇంటి దగ్గర విడిగా కట్టి ఉంచి, ఆ తర్వాతే మందలోకి తోలండి.