సగటు సెకన్లను నమ్మొచ్చా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం చుట్టూ తిరిగాయి. టైమ్‌టేబుల్ వేయడం, గ్రాఫ్‌కు (గీతలతో కలిపిన చుక్కలకు, కలిసున్న వాటికి ఒకే రంగు రాకుండా) రంగులు వేయడం, సాట్ (ఇచ్చిన షరతులన్నీ తీరేలా వేరియబుల్స్‌కు అవును/కాదు విలువలు వేయగలమా అని అడిగే సమస్య) లాంటి చిక్కు సమస్యలకు రాసిన అల్గారిథం బాగుందో లేదో ప్రయోగం చేసి ఎలా తేల్చాలి అని. ఎంత గడ్డు సమస్య ఇచ్చినా త్వరగా తెమిలిపోతుందని హామీ ఇవ్వగల అల్గారిథం వీటికి ఇప్పటిదాకా ఎవరికీ దొరకలేదు కాబట్టి రన్ చేసి చూడక తప్పదు. ఆ చూడటంలోనే చాలామంది దారి తప్పుతున్నారు, అందుకే కొన్ని జవాబులు పొడుగ్గా రాస్తున్నాను.

ప్రశ్న: పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నాను. సగం నిండిన లాటిన్ చదరాన్ని పూర్తి చేసే ప్రోగ్రాం రాశాను. అదే సమస్య, అదే కంప్యూటర్, ర్యాండమ్ సీడ్ (ప్రోగ్రాం యాదృచ్ఛిక ఎంపికలు ఎలా మొదలవ్వాలో చెప్పే అంకె) ఒక్కటే మారుస్తున్నాను. ఒకసారి రెండు సెకన్లలో వచ్చేస్తుంది, ఇంకోసారి గంటన్నరయినా తెమలదు. వంద రన్‌లు చేసి సగటు రాయమని మా గైడ్ గారు అన్నారు, ఆ సగటేమో రోజుకో రకంగా వస్తోంది. చాలా టెన్షన్‌గా ఉంది. తప్పు నా ప్రోగ్రాంలోనే ఉందంటారా?

జవాబు: ప్రోగ్రాంలో తప్పేమీ లేకపోవచ్చమ్మా, ఈ సమస్యల స్వభావమే అది. లాటిన్ చదరంలో ప్రతి అడ్డువరసలోనూ నిలువువరసలోనూ ఒక్కో అంకె ఒక్కసారే రావాలి కదా. మీ ప్రోగ్రాం ఒక గడి ఎంచుకుని అంకె వేస్తుంది, ముందుకెళ్తుంది, ఇరుక్కుంటే వెనక్కొస్తుంది. మొదటి నాలుగైదు గడుల్లోనే ఒక తప్పు అంకె పడిందనుకోండి, అది వెంటనే బయటపడదు. ఇంకో ముప్ఫై గడులు నిండాక ఎక్కడో అడుగున తగులుతుంది, అప్పుడు ప్రోగ్రాం ఆ అడుగు గడులనే మార్చి మార్చి చూస్తూ కూర్చుంటుంది. పైనున్న అసలు తప్పు జోలికి రావాలంటే కింద ఉన్న కొమ్మలన్నీ వెతికి అయిపోవాలి, అవి కోట్లలో ఉంటాయి. సీడ్ మారితే ఆ మొదటి అంకెలు మారతాయి, కథంతా మారిపోతుంది. 1990ల చివర్లో కార్లా గోమ్స్, బార్ట్ సెల్మన్, వాళ్ల సహచరులు అచ్చంగా మీ సమస్య మీదే ప్రయోగాలు చేసి ఈ సంగతి బయటపెట్టారు. రన్‌లు పెంచేకొద్దీ సగటు ఒక చోట కుదురుకోవాలి, కానీ అక్కడ కుదురుకోకుండా పైపైకి ఎగబాకింది. దీన్నే హెవీ టెయిల్, అంటే బరువైన తోక, అంటారు.

ఒక లెక్క చేసి చూద్దాం. వంద రన్‌లలో 90 రన్‌లు సరిగ్గా రెండేసి సెకన్లలో ముగిశాయి, మిగతా పదీ 5000 సెకన్ల టైమౌట్‌కు (రన్‌ను ఆపేసే గడువుకు) కూడా ముగియలేదు. సగటు 501.8 సెకన్లు. వందలో ఒక్క రన్ అయినా ఐదొందల సెకన్ల దరిదాపుల్లో ఉందా? లేదు. టైమౌట్‌ను 1000 సెకన్లు చేయండి, అవే రన్‌లు, అదే ప్రోగ్రాం, సగటు 101.8 అయిపోతుంది. అంటే మీరు కొలిచింది అల్గారిథంని కాదు, మీరు పెట్టుకున్న టైమౌట్‌ని! ముగియని రన్‌కు టైమౌట్‌కు రెట్టింపు సమయం వేసి సగటు కట్టే పద్ధతి ఒకటుంది, పార్-2 అంటారు, సాట్ పోటీల్లో ర్యాంకులిచ్చేది దానితోనే. పోటీలో అందరికీ నియమం ఒకటే కాబట్టి అక్కడ సరిపోతుంది. మీ పేపర్లో మాత్రం ఒక్క అంకెతో సరిపెట్టకండి. ఎన్ని సెకన్లలోపు ఎంత శాతం రన్‌లు ముగిశాయో గ్రాఫ్ గీయండి, మీడియన్ (రన్‌లను వరసలో పెడితే సరిగ్గా మధ్యలో ఉండే సమయం) ఇవ్వండి, ముగియనివి ఎన్నో, టైమౌట్ ఎంతో దాచకుండా రాయండి.

ఇంకో మాట, నన్నడిగితే ఇదే అసలు మాట. ఆ గ్రాఫ్ గీస్తే మందు కూడా అందులోనే కనిపిస్తుంది. పై లెక్కలోనే రెండు సెకన్లు దాటిన ప్రతి రన్‌నూ ఆపేసి కొత్త సీడ్‌తో మళ్లీ మొదలుపెట్టామనుకోండి. ప్రతి ప్రయత్నంలో గెలిచే అవకాశం 90 శాతం కాబట్టి సగటున 2.2 సెకన్లలో పని అయిపోతుంది. ఐదొందలెక్కడ, రెండెక్కడ! ఎక్కడ ఆపాలో ముందుగా తెలియకపోతే 1, 1, 2, 1, 1, 2, 4 అంటూ సాగే వరసలో ఆపుతూ పోవచ్చని లూబీ, సింక్లెయిర్, జుకర్‌మన్ 1993లో చూపించారు. ఇవాళ పేరున్న సాట్ సాల్వర్లలో (సాట్ సమస్యలు విప్పే ప్రోగ్రాంలలో) ఇలా మళ్లీ మొదలుపెట్టడం, అంటే రీస్టార్ట్, మామూలు విషయమైపోయింది. సగటు ఒక్కటే చూసుకుని ఉంటే ఆ తోకను ఎవరూ గమనించేవారే కాదు. గైడ్ గారికి ఆ గ్రాఫ్ తీసుకెళ్లి చూపించండి, తప్పకుండా ఒప్పుకుంటారు.

ప్రశ్న: 3-సాట్‌కు (ఒక్కో క్లాజులో, అంటే షరతులో, మూడేసి వేరియబుల్స్ ఉండే సాట్‌కు) నేను రాసిన పద్ధతి 200 వేరియబుల్స్‌తో ర్యాండమ్‌గా తయారు చేసిన వెయ్యి సమస్యలనూ రెప్పపాటులో విప్పేసింది. ఒక్కో దాంట్లో 400 క్లాజులున్నాయి. ఈ ఫలితం ప్రచురించవచ్చా?

జవాబు: ఇంకా వద్దండీ. మీ సమస్యలు మరీ సులువైనవి. ఒక్కో వేరియబుల్‌కు రెండేసి క్లాజులే ఉన్నాయంటే షరతులు తక్కువ, ఎటు పోయినా జవాబు తగులుతుంది. క్లాజులు 2000 చేస్తే కథ అడ్డం తిరుగుతుంది, షరతులు ఒకదాన్నొకటి కొట్టేసుకుని జవాబు లేదని త్వరగానే తేలిపోతుంది. గడ్డు సమస్యలన్నీ మధ్యలో సన్నటి అంచున ఉంటాయి. క్లాజులకూ వేరియబుల్స్‌కూ నిష్పత్తి 4.26 దగ్గర, అంటే మీ 200 వేరియబుల్స్‌కు 850 క్లాజుల చుట్టుపక్కల. అక్కడ జవాబు ఉండటానికీ లేకపోవడానికీ అవకాశాలు దాదాపు సగం సగం. అసలైన గడ్డు సమస్యలు ఇలాంటి అంచుల దగ్గరే పోగుపడతాయని 1991లో చీజ్‌మన్, కనెఫ్‌స్కీ, టేలర్ చెప్పారు, మరుసటి ఏడాది మిచెల్, సెల్మన్, లెవెక్ సాట్ మీద దాన్ని స్పష్టంగా చూపించారు. నిష్పత్తిని 3 నుంచి 6 దాకా కొద్దికొద్దిగా పెంచుతూ మీ ప్రోగ్రాం నడిపి చూడండి. సమయం కొండలా లేచి మళ్లీ దిగడం మీ కళ్లతో మీరే చూస్తారు, ఎన్నిసార్లు చూసినా నాకది ఆశ్చర్యంగానే ఉంటుంది.

అయితే అంచు మీద గెలిస్తే అన్నిచోట్లా గెలిచినట్టు కాదు. చిప్ డిజైన్ తనిఖీ నుంచి వచ్చే సమస్యల్లో లక్షల వేరియబుల్స్ ఉన్నా విప్పేసే సాల్వర్లు, అంచున ఉన్న ర్యాండమ్ సమస్యలో వెయ్యి వేరియబుల్స్ కూడా లేకపోయినా చేతులెత్తేస్తాయి. నిజ జీవితం నుంచి వచ్చిన సమస్యకు లోపల ఒక అల్లిక ఉంటుంది, ర్యాండమ్‌కు అది ఉండదు. రెండు రకాలూ విడివిడిగా పరీక్షించి విడివిడిగానే రాయండి.

ప్రశ్న: ముప్ఫై బెంచ్‌మార్క్‌ల (పోల్చి చూసుకోవడానికి వాడే పరీక్షా సమస్యల) మీద మా అల్గారిథం పాతవాటన్నిటినీ ఓడించింది. అయినా రివ్యూయర్ "ట్యూనింగ్ ఎలా చేశారు" అని అడిగి పేపర్ వెనక్కి పంపారు. ఇది న్యాయమేనా?

జవాబు: న్యాయమే. మీరు ఆ ముప్ఫై సమస్యలనే చూస్తూ పారామీటర్లు (అల్గారిథం సెట్టింగులు) సరిచేసుకుని, అంటే ట్యూనింగ్ చేసి, అవే ముప్ఫై మీద గెలిచామని రాసి ఉంటే అది గెలుపు కాదు. సరిచేసుకోవడానికి కొన్ని సమస్యలు, కొలవడానికి ఇంకొన్ని పక్కన పెట్టాలి. పైగా మీ దానికి మూడు నెలల ట్యూనింగ్, పాతదానికి డౌన్‌లోడ్ చేసినప్పటి డిఫాల్ట్ సెట్టింగులా? ఇద్దరికీ సమానంగా సమయమివ్వండి, స్మాక్ లాంటి ఆటోమేటిక్ ట్యూనర్లు ఉన్నాయి కదా. జాన్ హుకర్ 1995లోనే గట్టిగా మొత్తుకున్నారు, ఎవరు వేగం అన్న పరుగుపందెం వల్ల అది ఎందుకు వేగమో తెలియదని. మీ అల్గారిథంలో నాలుగు కొత్త ఆలోచనలుంటే ఒక్కొక్కటీ ఆపేసి మిగతా మూడింటితో నడిపి చూడండి. పని చేస్తున్నది ఒక్కటే అయి ఉండొచ్చు, అప్పుడు పేపర్ దాని గురించే రాయాలి. ఓడిపోయిన సమస్యలనూ పట్టికలో ఉంచండి. ఏ సమస్యకు ఏ అల్గారిథం నప్పుతుందో ఎంచుకోవడాన్నే ఒక సమస్యగా జాన్ రైస్ 1976లో ముందుకు తెచ్చారు. సమస్య లక్షణాలు చూసి తగిన సాల్వర్‌ని ఎంచుకునే సాట్‌జిల్లా 2007 సాట్ పోటీలో పతకాలు గెలిచింది. మీరు ఓడిన చోట కూడా అలాంటి పనికి ముడిసరుకు ఉంది.

ప్రశ్న: అదే ప్రోగ్రాం నా లాగిన్‌లో ఒక వేగం, నా స్నేహితుడి లాగిన్‌లో ఇంకో వేగం. ఇది సాధ్యమేనా?

జవాబు: సాధ్యమే. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ (లాగిన్‌ను బట్టి మారే సిస్టమ్ సెట్టింగులు) మొత్తం పొడవు మారినా మెమరీలో స్టాక్ (ప్రోగ్రాం తాత్కాలిక విలువలు దాచుకునే భాగం) మొదలయ్యే చోటు జరిగి వేగం మారవచ్చని 2009లో మిట్కోవిచ్, ఆయన సహచరులు చూపించారు. కాబట్టి మూడు శాతం మెరుగు అని రాసే ముందు ఆగండి. ఒకే మెషీన్ మీద నాలుగు రన్‌లు కలిపి నడిపితే క్యాష్ (ప్రాసెసర్ దగ్గరుండే చిన్న, వేగవంతమైన మెమరీ) కోసం అవి కొట్టుకుంటాయి, అదీ చూసుకోండి. సెకన్లతో పాటు ఎన్ని కొమ్మలు వెతికిందో కూడా లెక్కపెట్టండి, ఆ అంకె మెషీన్‌ని బట్టి మారదు.

ప్రశ్న: సాల్వర్ "జవాబు లేదు" అంటే నమ్మేదెలా?

జవాబు: "ఉంది" అన్నప్పుడు జవాబును తీసుకెళ్లి షరతుల్లో పెట్టి చూస్తే చాలు, ఆ తనిఖీ ప్రోగ్రాం విడిగా రాసుకోండి. నేనొకసారి ఫైలు చదివే చోట ఆఖరి షరతును వదిలేసి, వచ్చిన ఫలితం చూసి వారం రోజులు సంబరపడ్డాను, విడి తనిఖీ లేకపోతే అది బయటపడేదే కాదు. "లేదు" అన్నప్పుడు ఆ మాటకు రుజువు ఫైలు అడగాలి, దాన్ని సరిచూసే చిన్న ప్రోగ్రాంలు వేరే ఉన్నాయి. 2016లో హ్యూల్, కుల్‌మన్, మారెక్ అలాగే చేశారు. 1 నుంచి 7824 దాకా అంకెలకు రెండు రంగులు వేయొచ్చు, ఏ పైథాగరస్ త్రయంలోనూ (3, 4, 5 లాగా, మొదటి రెండింటి వర్గాల మొత్తం మూడోదాని వర్గానికి సమానమయ్యేవి) మూడంకెలకూ ఒకే రంగు రాకుండా. 7825 దాకా అయితే కుదరదు. ఆ "కుదరదు"కు సాల్వర్ ఇచ్చిన రుజువు దాదాపు 200 టెరాబైట్లు. దాన్ని మనిషి చదవలేడు, ఇంకో ప్రోగ్రాం మొత్తం చదివి సరిచూసింది.